సంఘ ఎన్నికలను కాలేజీ గేటు బయటే ఆపండి

ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం బిషప్ గారికి, కార్యవర్గ సభ్యులకు,
గుంటూరు.

అయ్యగారూ,

గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ (ఏసీ కాలేజీ) గురించి రాస్తున్నాను. నేరుగా మీకే రాసుకోవచ్చు కదా, పత్రికకెక్కడం ఎందుకని మీరు అడగవచ్చు. ఆ కాలేజీలో చదివిన వాళ్లలో లూథరన్లు కొందరే. హిందువులు, ముస్లింలు, ఏ మతమూ పట్టని వాళ్లు అక్కడి బెంచీల మీద కూర్చునే పెద్దవాళ్లయ్యారు. 1940లలో నందమూరి తారక రామారావు చదివింది కూడా అక్కడే. ఇంతమందికి సంబంధించిన సంగతిని నలుగురికీ వినపడేలా మాట్లాడటమే మర్యాద అనుకున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కాలేజీని సంఘం వదులుకోవాలని నేను అనడం లేదు. ప్రభుత్వానికి అప్పజెప్పమని అసలే అనను. మన క్రైస్తవ సంస్థల్లో చాలా కాలంగా ఒక ఆచారం పాతుకుపోయింది. సంఘంలో ఎవరి వర్గం గెలిస్తే వాళ్ల మనిషే కరస్పాండెంటు. కరస్పాండెంటు మారగానే ప్రిన్సిపాల్ కుర్చీ కదులుతుంది. ప్రిన్సిపాల్ కదిలితే లెక్చరర్లు ఎవరి గదిలో టీ తాగాలో కొత్తగా నేర్చుకోవాలి. నేను పోవాలంటున్నది ఈ ఆచారమే. అది పోగొట్టగలిగింది దేశంలో మీరొక్కరే. ఎందుకో కింద చెబుతాను.

1842 జులై 31న అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టారు. 43 ఏళ్ల తర్వాత, 1885లో, కాలేజీ మొదలైంది. మొదటి దశాబ్దాల్లో దాన్ని వాట్స్ మెమోరియల్ కాలేజీ అనేవారు. డబ్బు అమెరికా నుంచి వచ్చేది, పెద్ద నిర్ణయాలూ అక్కడి నుంచే వచ్చేవి. మన పిల్లల చదువు గురించి మనల్ని అడగకుండా ఎక్కడో సముద్రం అవతల తేల్చేవారు. ఆ చిన్నతనం చిన్నతనమే. కాకపోతే అవతల కూర్చున్న బోర్డుకు గుంటూరు తగాదాలు పట్టేవి కావు. ఎవరి అల్లుడు ఎవరో, ఏ పేరిష్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడతాయో వాళ్లకు తెలియదు, అక్కర్లేదు. ఎవరూ అనుకుని కట్టకపోయినా ఆ దూరం కాలేజీ చుట్టూ ఒక గోడలా నిలబడింది.

1927లో మన సంఘం ఏర్పడింది. క్రమంగా పెత్తనం మన చేతికి వచ్చింది. రావలసిందే. దొరల కాలమే బాగుండేదన్న మాట నా నోట రాదు. పెత్తనం రావడంతో ఆ దూరం పోయింది, దాని చోట మనం ఇంకేమీ కట్టుకోలేదు. 1930–31లో ఎ.డి. లిండ్సే అధ్యక్షతన ఒక కమిషన్ దేశంలోని ప్రొటెస్టంట్ క్రైస్తవ కాలేజీలను పరిశీలించింది. పాలన విదేశీ బోర్డుల నుంచి ఇక్కడి వాళ్ల చేతికి రావాలని చెప్పింది. ఇక్కడి వాళ్లంటే ఎవరు? అధ్యాపకులా, పూర్వ విద్యార్థులా, ఊరి పెద్దలా, సంఘ నాయకులా? చాలా చోట్ల ఈ ప్రశ్న మీద పెద్దగా చర్చే జరగలేదు. జవాబు సంఘ నాయకులు అని దానంతటదే స్థిరపడిపోయింది.

ఇంకో దారి లేకపోలేదు. అది మనకు తెలియనిదీ కాదు. విలియం మిల్లర్ స్కాట్లండ్ ఫ్రీ చర్చి పంపిన మనిషి. 1862లో మద్రాసు వచ్చాడు. తన చేతిలో పెట్టిన విద్యాలయాన్ని తన చర్చి ఒక్కదానికే కట్టిపడేయకుండా మిగతా మిషన్లనూ కలుపుకున్నాడు. 1877లో అది మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. ఇన్నేళ్లలో ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారని లెక్క అడిగిన వాళ్లు ఆయన సొంత చర్చిలోనే ఉన్నారు. ఆయన ఆ లెక్కకు లొంగలేదు. చివరికి అదే చర్చి 1896లో ఆయన్ని మోడరేటర్‌ను చేసింది. మన రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆయన శిష్యుడే. క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజంలో చేరాడు, గురువు మీద భక్తి మాత్రం చివరిదాకా తగ్గలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ సంగతి ఇంకా ముచ్చటైనది. వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీ విమర్శకు జవాబుగా, మిషనరీల కాలేజీలోనే కూర్చుని 1908లో ఎం.ఏ. వ్యాసం రాశాడు. దాన్ని మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం ఇచ్చింది ఎ.జి. హాగ్ అనే మిషనరీ ప్రొఫెసర్. అయ్యగారూ, అలాంటి వ్యాసం ఈ రోజు మన కాలేజీల్లో ఒక కుర్రాడు రాస్తే గైడుగారు ఎవరికి ఫోన్ చేస్తారు? నాకు అనుమానంగానే ఉంది.

ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో 1906లో ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. మిషనరీ అధ్యాపకుడు సి.ఎఫ్. ఆండ్రూస్‌కు ఇద్దామనుకున్నారు. ఆయన ఒప్పుకోలేదు. తనకంటే సీనియర్ అయిన సుశీల్ కుమార్ రుద్ర ఉండగా తెల్లవాడినన్న కారణంగా ఆ కుర్చీ తనకెందుకని పట్టుబట్టాడు. రుద్ర ప్రిన్సిపాల్ అయ్యాడు, 1923 దాకా కొనసాగాడు. వస్తున్న పదవిని వద్దన్న మనిషి కథ మన కార్యవర్గ సమావేశాల్లో ప్రార్థన అయిన వెంటనే ఒకసారి చదివి వినిపిస్తే బాగుంటుంది. ఐదు నిమిషాలు చాలు.

వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి పేరు చెప్పక్కర్లేదు. చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి రైలెక్కి వెళ్లే రోగులకు అది ఏ సంఘానిదో తెలియదు. తెలియకపోవడానికి కారణం అది ఏ ఒక్క సంఘానిదీ కాకపోవడమే. పదుల సంఖ్యలో సంఘాలు, సంస్థలు కలిసిన కౌన్సిల్ దాన్ని నడుపుతుంది. మన ఆంధ్ర సంఘాలకూ అందులో చోటుంది. ఏ బిషప్పూ ఒంటిచేత్తో అక్కడ డైరెక్టర్‌ను వేయలేడు, తీయలేడు. అయినా అది క్రైస్తవ ఆసుపత్రి కాదని ఎవరూ అనలేదు. విజయవాడ లయోలా కథ వేరు. అది జెస్యూట్ గురువులు 1953లో మొదలుపెట్టిన కాలేజీ. అక్కడ పెత్తనం గురుసభది. ఆ క్రమశిక్షణ మనకు అబ్బదు, దాన్ని పక్కన పెడదాం.

ఇక చట్టం. మైనారిటీ సంస్థ అనగానే మనవాళ్లు రాజ్యాంగంలోని ఆర్టికల్ 30ని కవచంలా తొడుక్కుంటారు. ఆ హక్కు గట్టిదే. సంస్థల్ని నడుపుకునే హక్కంటే పాడుచేసుకునే హక్కు కాదని సుప్రీంకోర్టు 1958లో కేరళ విద్యా బిల్లు వ్యవహారంలోనే చెప్పింది. 1986లో మన ఆంధ్ర నుంచే ఒక కేసు వెళ్లింది. పేరులో క్రైస్తవం పెట్టుకుని మెడికల్ కాలేజీ తెరవబోయిన సొసైటీ కేసు అది. పేరు చూసి మోసపోము, తెర తీసి లోపల మైనారిటీ ప్రయోజనం ఉందో లేదో చూస్తామన్నారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఇవన్నీ మీ న్యాయవాదులకు కంఠతా వచ్చు. నేను మీ దృష్టికి తేదలచింది 1974 నాటి సెయింట్ జేవియర్స్ తీర్పు. గుజరాత్ చట్టం ఒకటి కాలేజీ పాలకమండలిలో వైస్ చాన్సలర్ మనిషీ, అధ్యాపకుల ప్రతినిధులూ, విద్యార్థుల ప్రతినిధులూ ఉండాలంది. తొమ్మిది మంది న్యాయమూర్తుల బెంచి మైనారిటీ కాలేజీలకు అది చెల్లదని తేల్చింది. మనం గెలిచాం.

గెలిచాక ఏమైందో చూడండి. ఏ ప్రభుత్వమూ మన పాలకమండలిలోకి బయటివాణ్ని పంపలేదు. సరే. మరి లోపలివాళ్లనైనా మనం కూర్చోబెట్టామా? ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన లెక్చరర్‌కు, ఆ కాలేజీ డిగ్రీతోనే బతుకుతున్న పూర్వ విద్యార్థికి ఓటున్న పాలకమండళ్లు మన క్రైస్తవ కాలేజీల్లో ఎన్ని ఉన్నాయి? చట్టం చేయలేని పని అది, కోర్టు చేయించని పని అది. అందుకే మీరొక్కరే చేయగలరని పైన అన్నాను. ఆర్టికల్ 30లో హక్కు ఇచ్చింది మైనారిటీకి. అందులో బిషప్ అన్న మాట గానీ కార్యవర్గం అన్న మాట గానీ లేవు.

జీతాల సంగతి కూడా ఉంది. ఎయిడెడ్ పోస్టులు నిండుగా ఉన్నప్పుడు లెక్చరర్ జీతం ఖజానా నుంచి వచ్చేది, నియామకానికి ఎంతో కొంత పద్ధతి ఉండేది. ఏళ్ల తరబడి పోస్టులు నింపలేదు. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల్ని గానీ, కనీసం ఎయిడెడ్ సిబ్బందిని గానీ అప్పగించమంది. గగ్గోలు పుట్టాక నవంబరులో ఇష్టమైతేనే అని సర్దుకుంది. ఆ గొడవ ముగిసినా పోయిన పోస్టులు తిరిగి రాలేదు. ఇప్పుడు మేనేజ్‌మెంట్ జీతం మీద, ఏడాదికేడాది పొడిగింపు మీద పనిచేసే వాళ్లే ఎక్కువ. అలాంటి లెక్చరర్‌కు కరస్పాండెంటు ముఖంలో కనిపించేది యజమాని. సంఘ ఎన్నికల్లో ఎటు మొగ్గాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను ఉండేది సౌదీలో, జుబైల్లో. ఈ దేశంలో చర్చి భవనమంటూ లేదు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే ఎవరో ఒకరి ఇంట్లో చేరతాం. చెప్పులు గుమ్మం లోపలే విప్పుకుంటాం, పక్క ఫ్లాట్‌కు వినపడకుండా గొంతు తగ్గించి పాడుకుంటాం. లూథరన్లు, సీఎస్ఐ వాళ్లు, బాప్టిస్టులు, పెంతెకోస్తు వాళ్లు ఒకే చాప మీద కూర్చుంటారు. స్థలం లేదు, షాపింగ్ కాంప్లెక్సు లేదు, లీజులు లేవు. కాబట్టి కోశాధికారి పదవికి పోటీ కూడా లేదు. గుంటూరులో మన సంఘ వ్యవహారాలు ఎన్నిసార్లు కోర్టు మెట్లెక్కాయో తలచుకున్నప్పుడల్లా నాకు ఈ చాప గుర్తొస్తుంది. ఆస్తి లేకపోవడం వల్ల మేమేదో పరిశుద్ధులమైపోయామని అనుకోకండి. ఆస్తి ఉంటే మేమూ కొట్టుకునేవాళ్లమే.

ఆ మాట ఊరికే అనలేదు. ఇక్కడ మన పిల్లలు చదివే ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూళ్లున్నాయి. జెడ్డాది 1969 నాటిది, దమ్మాంది 1982 నాటిది. లైసెన్సు సౌదీ విద్యాశాఖది, పాఠాలు సీబీఎస్ఈవి, పైన పోషకుడిగా మన రాయబారి. రోజువారీ పెత్తనం మేనేజింగ్ కమిటీది. ఆ కమిటీలో చోటు స్కూల్లో పిల్లలున్న తల్లిదండ్రులకే. ఏళ్ల పాటు వాళ్లను తల్లిదండ్రులే ఓట్లేసి ఎన్నుకున్నారు. ఎన్నికలొస్తే ఇక్కడా రాష్ట్రాల వారీగా గుంపులు కట్టేవారు. మలయాళీ ప్యానెల్ ఒకటి, దానికి పోటీగా మిగతా వాళ్లది ఒకటి. వాట్సాప్‌లో దుమ్మెత్తిపోసుకోవడం కూడా ఉండేది. అయినా కమిటీ సభ్యుడి కొడుకు అదే స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతుంటాడు. చేతగాని లెక్కల టీచర్‌ను బంధువని వేస్తే ఆ దెబ్బ ముందు తగిలేది సొంత పిల్లాడికే. మన కాలేజీల పాలకమండళ్లలో కూర్చున్న పెద్దల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఒకసారి లెక్క తీయండి. పేర్లు వద్దు, ఊళ్లు చాలు.

పెత్తనం గొడవ పిల్లల మీద ఎలా పడుతుందో ఇక్కడి నుంచి చాలా దగ్గరగా కనిపిస్తుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు మన రాష్ట్రంలోని ఒక క్రైస్తవ కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీ చేశాడు. పేరు చెప్పను, ఏసీ కాలేజీ మాత్రం కాదు. ఇక్కడ ప్లాంటు ల్యాబులో ఉద్యోగం. కంపెనీ తరఫున సర్టిఫికెట్లు తనిఖీ చేసే ఏజెన్సీ కాలేజీకి మెయిల్ పెట్టింది. జవాబులు రెండు వచ్చాయి. రెండు లెటర్‌హెడ్లు, రెండు గుండ్రటి సీళ్లు. ఒకదాని కింద ప్రిన్సిపాల్ అని ఉంది, రెండోదాని కింద ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ అని ఉంది. కరస్పాండెంట్ల పేర్లూ వేరు. విచిత్రమేమిటంటే డిగ్రీ అసలైనదేనని రెండూ ఒప్పుకున్నాయి. ఏజెన్సీ వాళ్లకు అర్థం కానిది కాలేజీయే. ఏది అసలు సంతకమో తేల్చేదాకా ఫైలు పక్కన పెట్టేశారు. ఆ కుర్రాడు నెలల తరబడి తన డిగ్రీకి తగ్గ ఉద్యోగంలో చేరలేక, ఇకామాలో (నివాస పత్రంలో) హెల్పర్ అన్న వృత్తితోనే గడిపాడు. వాళ్ల నాన్న ఊళ్లో పాలేరు. మొదటి డిగ్రీ ఆ ఇంట్లో అదే.

ఆ ఇల్లు ఎలాంటిదో మీకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చిన వాళ్లం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. రాష్ట్రంలో బీసీ-సీ కింద మనకు దక్కేది ఒక్క శాతం. సీట్లలో ఒక్క శాతం, ఉద్యోగాల్లో ఒక్క శాతం. ఇలాంటి జనానికి మిషన్ కాలేజీ ఒక్కటే పెద్ద తలుపు. దాన్ని కార్పొరేట్ కాలేజీల వరసలో నిలబెట్టి ఫీజు పోటీకి దించితే ఆ తలుపు మూసుకుపోతుంది. అందుకే సంఘం వదులుకోవద్దని మొదటే అన్నాను. సొంతదారు లేని కాలేజీని ముందు మింగేది రియల్ ఎస్టేటు వాళ్లే. స్థలం సంఘం పేరనే ఉండాలి, అమ్మడానికి గానీ దీర్ఘకాలం లీజుకివ్వడానికి గానీ వీల్లేకుండా ఉండాలి.

మీ భయం నాకు అర్థమవుతుంది. పగ్గాలు వదిలితే క్రైస్తవం కూడా వదిలిపోతుందని. ఉట్టి భయమేమీ కాదు. 1636లో పాస్టర్లను తయారుచేయడానికి పెట్టిన హార్వర్డ్ ఈ రోజు ఎలా ఉందో చూస్తున్నాం. 1967లో అమెరికాలో నోటర్ డామ్ విశ్వవిద్యాలయం తన పెత్తనాన్ని గురువుల చేతి నుంచి ఎక్కువగా గృహస్థులుండే బోర్డుకు అప్పగించింది. అదే ఏడాది అక్కడి కేథలిక్ విద్యావేత్తలు లాండ్ ఓ లేక్స్ అనే చోట చేరి, నిజమైన విశ్వవిద్యాలయానికి బయటి ఏ అధికారం నుంచైనా స్వేచ్ఛ కావాలని ప్రకటించారు. దాని మీద వాదన ఇంకా తెగలేదు. 1990లో పోప్ రెండో జాన్ పాల్ కేథలిక్ విశ్వవిద్యాలయాల గురించి ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. అయినా నోటర్ డామ్ ఈ రోజుకీ కేథలిక్ విశ్వవిద్యాలయమే. మన దగ్గర పగ్గాలు గట్టిగా పట్టుకునే ఉన్నాం కదా, క్రైస్తవం ఎక్కడ కనిపిస్తోంది? చాపెల్ తలుపు ఎన్ని రోజులు తెరుస్తున్నాం? పేద క్రైస్తవ పిల్లలకు హాస్టల్ ఎంతమందికి? మైనారిటీ విద్యార్థులకు సీట్లు కేటాయించుకునే హక్కును సెయింట్ స్టీఫెన్స్ తీర్పు 1991లోనే ఒప్పుకుంది. ఆ హక్కును మన పల్లెల పిల్లల కోసం ఎంత వాడుకున్నామో, సీట్ల బేరానికి ఎంత వాడుకున్నామో ఎవరి మనస్సాక్షికి వాళ్లు చెప్పుకోవాలి.

నేను అడిగేది ఇది. వచ్చే సంఘ మహాసభలో ఒక తీర్మానం పెట్టండి. ఏసీ కాలేజీకి సొంత బైలాస్‌తో వేరే పాలకమండలి ఉండాలి. అందులో సంఘం నామినేట్ చేసేవాళ్లు మూడో వంతుకు మించకూడదు, వాళ్లలో సంఘంలో పదవి ఉన్నవాళ్లు ఒక్కరికి మించకూడదు. అధ్యాపకులు తమలోంచి కొందరిని, పూర్వ విద్యార్థులు తమలోంచి కొందరిని ఎన్నుకోవాలి. ప్రిన్సిపాల్‌కు ఐదేళ్లు. మధ్యలో తీయాలంటే కారణం రాసి ఆయనకివ్వాలి, మండలిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. చాప్లిన్‌ను మాత్రం మీరే వేయండి, అందులో ఎవరూ వేలు పెట్టరు. ప్రతి ఏడాదీ ఆడిట్ అయిన లెక్కలు ప్రిన్సిపాల్ గది బయట నోటీసు బోర్డు మీద అంటించాలి. వెబ్‌సైటులో పెడతామంటే సరే, కానీ ముందు బోర్డు మీద. ప్యూను కూడా చదువుకోగలగాలి.

ఇక డబ్బు. గల్ఫ్‌లో, అమెరికాలో ఏసీ కాలేజీ పిల్లలు చాలామంది ఉన్నారు. ల్యాబులు బాగుచేయించాలని, హాస్టల్ పైకప్పు వేయించాలని మాట్లాడుకుంటూనే ఉంటారు. సౌదీలో అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం నేరం. కాబట్టి ఇక్కడ రసీదు పుస్తకం పట్టుకుని ఎవరూ తిరగరు, తిరగకూడదు. ఎవరికి వాళ్లు తమ బ్యాంకు ఖాతా నుంచి పంపుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు తన సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరులైన వాళ్లకు మాత్రం విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉన్న ఖాతా కావాలి. ఇవన్నీ కనుక్కునే ఉన్నాం. తెలియనిది ఒక్కటే, ఆ డబ్బు ఎవరి సంతకంతో బయటికి వస్తుందన్నది. మహాసభ తీర్మానం అయ్యాక కొత్త పాలకమండలి పేరున, ప్రిన్సిపాల్, పూర్వ విద్యార్థుల ప్రతినిధి ఇద్దరూ సంతకం చేస్తేనే డబ్బు కదిలే ఖాతా తెరిపించి, దాని నంబరు నోటీసు బోర్డు మీద పెట్టించండి. మొదటి నెల జీతంలోంచి మా వాటా పంపుతాం.


ఏసీ కాలేజీ పూర్వ విద్యార్థి ఒకరు,
జుబైల్, సౌదీ అరేబియా.